ఉత్తుత్తి బావ

డుమస్‌లో సముద్రాన్ని చూడాలంటే వేళ చూసుకుని వెళ్లాలి. పోటు మీద ఉంటే అలలు గట్టు దాకా వస్తాయి. ఆటు వేళ వెళితే కనుచూపు మేర నల్లటి ఇసుక, బురద, వాటి అవతల ఎక్కడో సన్నటి గీతలా నీళ్లు. సూరత్ జనానికి ఇదేమీ పట్టదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, కుటుంబాలకు కుటుంబాలే ఈ తీరానికి తరలి వస్తాయి. పిల్లలు ఒంటె ఎక్కుతారు, పెద్దలు కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొరుకుతారు, అందరూ కలిసి టమోటా బజ్జీల కోసం నిలబడతారు. టమోటాను చక్రాల్లా కోసి, పచ్చటి చట్నీ పట్టించి, శనగపిండిలో ముంచి వేయించే ఆ బజ్జీ గురించి సూరత్‌వాసులు చెప్పుకునే గొప్పల్లో పెద్దగా అబద్ధం లేదు.

అబద్ధాల మాటకొస్తే, డుమస్‌కు ఇంటర్నెట్‌లో ఉన్న పేరు దయ్యాల తీరమని. ఒకప్పుడు ఇక్కడ శవాలను దహనం చేసేవారని, అందుకే ఇసుక నల్లబడిందని, రాత్రయితే గొంతులు వినిపిస్తాయని కథలు. ఇసుక నలుపుకు అందులో ఉన్న ఇనుప ఖనిజమే కారణమని చెబితే వినేవాళ్లు తక్కువ. రాత్రి సంగతి ఎలా ఉన్నా పగలు మాత్రం ఇక్కడ దాక్కుని తిరిగేది దయ్యాలు కాదు, జంటలు. స్కూటర్ మీద వచ్చే అమ్మాయిల ముఖానికి కళ్లు తప్ప మరేమీ కనిపించకుండా దుపట్టా చుట్టి ఉంటుంది. ఎండకూ దుమ్ముకూ అని చెబుతారు. గుజరాత్ నగరాలన్నిటా ఉన్న అలవాటే. కానీ పొద్దు గుంకి, సముద్రపు గాలి చల్లబడిన తర్వాత కూడా దుపట్టా విప్పని అమ్మాయిలు దాక్కుంటున్నది ఎండ నుంచి కాదని చెప్పడానికి రాజనీతి శాస్త్రం చదవనక్కర్లేదు.

నేను సూరత్ వెళ్లింది మరమగ్గాల కార్మికుల మీద కథనం కోసం. ఈ నగరంలో తెలుగువాళ్లంటే ప్రధానంగా తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు, అందులోనూ పద్మశాలీలు. షోలాపూర్, భివండీ, ముంబైల మాదిరిగానే సూరత్ కూడా వారికి తరాలుగా వలస మజిలీ. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో నడుస్తుంటే కరీంనగర్ యాస చెవిన పడుతుంది. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియం కూడా ఉంది. మగ్గం మీద 12 గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. అలాంటి ఒక ఇంటివాళ్లు "ఐతారం డుమస్ పోతున్నం మేడం, మీరు గూడ రండ్రి" అని పిలిస్తే వెళ్లాను. వాళ్ల అమ్మాయి ఇంటర్‌తో సమానమైన పదకొండో తరగతిలో ఉంది. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. రాస్తానని ఆమెకు చెప్పే రాస్తున్నాను.

సముద్రం వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఫోన్‌లో తల దూర్చి కూర్చుంది ఆ పిల్ల. "పొద్దుందాక గా బొమ్మల పుస్తకమే మేడం. గండ్ల ఏమున్నదో ఏమో" అన్నాడు తండ్రి. తొంగి చూస్తే జపాన్ బొమ్మల కథ. వాళ్ల భాషలో మాంగా. బొమ్మలను కుడి నుంచి ఎడమకు చదవాలి. అమ్మాయి వేలు కూడా అలాగే కదులుతోంది. కథ పేరు 'ఓకామి షోజో తో కురో ఓజి'. ఇంగ్లీషులో 'వుల్ఫ్ గర్ల్ అండ్ బ్లాక్ ప్రిన్స్'. తోడేలు పిల్ల, నల్ల రాకుమారుడు అన్నమాట. అయూకో హట్టా అనే రచయిత్రి బొమ్మలు వేసి రాసిన ఈ కథ అమ్మాయిల కోసం వెలువడే 'బెస్సాత్సు మార్గరెట్' మాసపత్రికలో 2011 నుంచి 2016 దాకా సాగింది. మొత్తం 16 సంపుటాలు. 2014లో టీవీ యానిమేషన్‌గా, 2016లో సినిమాగా వచ్చింది.

కథానాయిక పేరు ఎరికా షినోహరా. వయసు 16. హైస్కూల్లో కొత్తగా చేరింది. తరగతిలో పాత స్నేహితులెవరూ లేరు. పక్కన కూర్చున్న అమ్మాయిలు ఎప్పుడూ తమ బాయ్‌ఫ్రెండ్ల గురించే మాట్లాడుకుంటారు. వాళ్ల గుంపులోంచి జారిపోతే మధ్యాహ్నం ఒంటరిగా అన్నం తినాలి. అందుకని తనకూ ఒక బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడని చెబుతుంది. ఫోటో చూపించమంటే, వీధిలో వెళుతున్న ఒక అందగాడిని దొంగచాటుగా ఫోటో తీసి చూపిస్తుంది. తీరా చూస్తే అతడు అదే స్కూల్లో చదువుతున్న క్యోయా సాతా. దిక్కుతోచక అతడికే నిజం చెప్పి, కొన్నాళ్లు నటించమని బతిమాలుతుంది. సరేనంటాడు. అయితే ఒక షరతు. ఇక నుంచి ఆమె అతడి పెంపుడు కుక్కలా ఉండాలి. మూడుసార్లు చుట్టూ తిరిగి భౌ అనమంటాడు. బయటికి రాకుమారుడు, లోపల రాక్షసుడు. ఆ నటనే కాలక్రమంలో నిజమైన ప్రేమ అవుతుంది.

పేరులోని తోడేలు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. జపాన్‌లో 'తోడేలు కుర్రాడు' అంటే అబద్ధాలకోరు. తోడేలు వచ్చిందని పదేపదే అరిచి ఊరిని మోసం చేసిన గొర్రెల కాపరి కథ నుంచి పుట్టిన మాట. ఆ కథ మనకూ తెలుసు. కాకపోతే మన దగ్గర తోడేలు పులి అయింది, ఊరు నాన్న అయింది. 'నాన్నా పులి' కథ చెప్పుకుంటూ పెరిగిన మనకు ఈ శీర్షికను తెలుగు చేయాల్సి వస్తే తోడేలు అక్కర్లేదు. అయితే ఒక తేడా ఉంది. మన కథలో కుర్రాడు వినోదం కోసం అబద్ధమాడాడు. ఎరికా ఒంటరితనానికి భయపడి ఆడింది.

నటనగా మొదలైన ప్రేమ నిజం కావడం జపాన్ బొమ్మల కథల్లో పెద్ద పరిశ్రమ. ఈ కథ మొదలైన 2011లోనే అబ్బాయిల వారపత్రిక 'షోనెన్ జంప్'లో నవోషి కోమి 'నిసెకోయి' మొదలుపెట్టాడు. పేరుకు అర్థమే దొంగ ప్రేమ. రెండు ముఠాల మధ్య యుద్ధం ఆపడానికి నాయకుల పిల్లలిద్దరూ ప్రేమికులుగా నటిస్తారు. అదీ 2016లోనే ముగిసింది, 25 సంపుటాల తర్వాత. 2019లో మొదలైన తత్సుయా ఎండో 'స్పై ఫ్యామిలీ'లో ఏకంగా కుటుంబమే దొంగది. భర్త గూఢచారి, భార్య కిరాయి హంతకురాలు, కూతురికి ఎదుటివారి మనసులో మాట వినిపిస్తుంది. ఇవన్నీ మన పిల్లలకు ఎలా తెలుసని ఆశ్చర్యపోయే పెద్దలకు ఒక కబురు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' యానిమేషన్ చిత్రం మన థియేటర్లలో హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ ఆడింది.

అయినా ఈ కథ మనకు కొత్తదేమీ కాదు. 1955లో విజయా వారి 'మిస్సమ్మ' చూసిన జాతి మనది. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో ఎన్టీ రామారావు, సావిత్రి భార్యాభర్తలుగా నటించే నిరుద్యోగులు. ఆ కథకు కూడా మూలం మనది కాదు. రవీంద్రనాథ్ మైత్రా అనే బెంగాలీ రచయిత నాటకం నుంచి చక్రపాణి తెచ్చుకున్నారు. కానీ తెచ్చిన తర్వాత అది ఎంతగా తెలుగైపోయిందంటే బెంగాల్ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇంతకూ వాళ్లెందుకు అబద్ధమాడారు? అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలన్నాడు కాబట్టి. డిగ్రీలున్నాయి, ఉద్యోగాల్లేవు. స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్లయింది. చదువుకున్న కుర్రాడు పెళ్లాన్ని అద్దెకు తెచ్చుకుంటే తప్ప కూడు దొరకదని నవ్విస్తూ చెప్పిన సినిమా అది.

ఎవరు ఎందుకు నటిస్తున్నారో చూస్తే ఆ సమాజంలో ఏది కరువో తెలిసిపోతుంది. 1955 తెలుగునాట ఉద్యోగం కరువు. 2011 టోక్యోలో పక్కన కూర్చుని అన్నం తినే మనిషి కరువు. ఎరికా కథలో ప్రేమ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఆ భయం. ఈ కథను ప్రేమకథగా అమ్ముతున్నారు గానీ డుమస్ గట్టు మీద కూర్చున్న మన పిల్ల చదువుతున్నది ప్రేమకథను కాదని నాకు కాసేపటికి తెలిసింది.

తల్లిదండ్రులు చిన్న కొడుకును ఒంటె ఎక్కించడానికి వెళ్లారు. "నీకు ఇందులో ఎవరు నచ్చారు?" అని మాట కలిపాను. రాకుమారుడి పేరు చెబుతుందనుకున్నాను. "ఎరికా" అంది. "ఎందుకు?" అంటే కాసేపు ఆలోచించి, "నేను గూడ గట్లనే చేసిన అక్కా" అంది.

ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియం. తొమ్మిదిలో ఇంగ్లీషు మీడియం. చుట్టూ గుజరాతీ మాట్లాడే పిల్లలు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ. మూడు భాషల్లోనూ ఏదో ఒక తప్పు పట్టుకుని ఎవరో ఒకరు నవ్వుతారు. ఊళ్లో బంధువులు కూడా దాని తెలుగుకు నవ్వుతారట. పదకొండులో కామర్స్ ట్యూషన్‌లో చేరాక నలుగురమ్మాయిల జట్టు దొరికింది. వాళ్లకు బాయ్‌ఫ్రెండ్లున్నారు. కనీసం ఉన్నారని చెబుతారు. "నీకెవరూ లేరా?" అని అడిగితే లేరనడం చేతగాలేదు. "మా బావ ఉన్నడు, ఊళ్లె" అనేసింది.

ఇక్కడే కథ జపాన్ దాటి తెలుగు నేల మీద పడింది. ఆ గుజరాతీ పిల్లలకు బావ అంటే ఏమిటో తెలియదు. వాళ్ల భాషలో బావా అంటే సాధువు, సన్యాసి. "ఎవరో బాబాతో తిరుగుతున్నావా?" అని పడి పడి నవ్వారట. మేనమామ కొడుకని విడమరిచి చెబితే నవ్వు ఆగి ముఖాలు మారిపోయాయి. అక్కడి చాలా కులాల్లో మేనమామ కొడుకంటే అన్న. రాఖీ కట్టవలసినవాడు. "భాయ్‌తోనా?" అన్నారు. అన్నతో ప్రేమ ఏమిటని రోత పడ్డారు. మన పిల్ల వెంటనే మాట మార్చింది. బంధువేం కాదు, మా ఊరబ్బాయి, అందరూ అలా పిలుస్తారంతే అంది. ఫోటో అడిగారు. గ్యాలరీలో ఉన్నవాటిలో బాగున్నది ఒకటే ఫోటో. కిందటేడు పెళ్లిలో తీసింది. తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డ మేనమామ కొడుకు. నిజం బావే.

ఒక అబద్ధాన్ని కాపాడడానికి రెండోది. రెండోదాన్ని కాపాడడానికి, అనుకోకుండా, ఒక నిజం. ఎరికా వీధిలో పోయే అపరిచితుడిని ఫోటో తీసింది కాబట్టి ఆ కథ శృంగార కథ అయింది. మన పిల్ల చూపించింది మేనబావ ఫోటో. ఆ ఫోటో తప్పిపోయి లింబాయత్ గల్లీకి చేరితే ఏమవుతుంది?

ఏమవుతుందో పదిహేను నిమిషాల్లోనే తెలిసింది. ఒంటె దిగి వచ్చాక తల్లి బజ్జీల పొట్లం విప్పుతూ తనంతట తానే చెప్పుకొచ్చింది. "మా అన్న కొడుకున్నడమ్మా. మంచిగ సదువుకున్నడు. దీనికి పద్దెనిమిది నిండంగనే మాట్లాడుకుందమని అన్న అంటున్నడు. దూరపోళ్లకిస్తే ఎట్ల చూసుకుంటరో. మనోళ్లయితే కట్నం గూడ అడగరు గదా." అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. వేలు మాత్రం ఆగిపోయింది.

ఆ తల్లిలో దుర్మార్గం వెతకడం అన్యాయం. సొంతూరికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో, మీటరు కూలి మీద బతుకుతున్న ఇంటికి మేనరికం అంటే ఒక బీమా. కట్నం తగ్గుతుంది, ఊరితో చుట్టరికం తెగదు, బిడ్డ కష్టపడితే అడగడానికి సొంత అన్న ఉంటాడు. దక్షిణాది రాష్ట్రాల్లో రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు దేశ సగటు కంటే ఇప్పటికీ బాగా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. డాక్టర్లు వద్దంటున్నా ఆగకపోవడానికి మూఢత్వం ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా ఉంది. కానీ ఆ లెక్కలో పదకొండో తరగతి పిల్ల బీకాం చదువు ఏ గడిలోనూ లేదు. ఆమెకు మాత్రం ఉంది. బీకాం చేసి, బట్టల మార్కెట్లో కాదు, బ్యాంకులో పనిచేయాలని ఉంది.

నటించిన ప్రేమ నిజం కావడం జపాన్ పాఠకురాలికి తీరిన కోరిక. ఈ పిల్లకు అది పీడకల. తాను ఆడిన అబద్ధం ఇంట్లో తెలిస్తే తిడతారని కాదు ఆమె భయం. సంతోషిస్తారని. "నీకూ ఇష్టమేనన్న మాట" అంటారని.

ఉత్తుత్తి బావలు నాకూ తెలుసు. ఎంఏ చదివేటప్పుడు మా హాస్టల్లో ప్రతి గదికీ ఒక బావ ఉండేవాడు. వెంటపడే కుర్రాళ్లను వదిలించుకోవడానికి "నాకు మా బావతో ఖాయమైంది" అన్నది బ్రహ్మాస్త్రం. వద్దు అంటే ఊరుకోని కుర్రాడు కూడా మరో మగవాడి సొత్తు అని తెలియగానే గౌరవంగా తప్పుకునేవాడు. నా బావ సైన్యంలో ఉండేవాడు. కశ్మీర్‌లో పోస్టింగ్. రెండేళ్లలో అతడికి ఒక ప్రమోషన్ కూడా ఇచ్చాను. మాది అబ్బాయిల్ని దూరం పెట్టడానికి ఆడిన అబద్ధం, ఈ పిల్లది అమ్మాయిల్ని దగ్గర చేసుకోవడానికి ఆడింది. రెంటిలోనూ ఒంటరి ఆడపిల్లకు విలువ లేకపోవడం ఒక్కటే మారలేదు. ఇరవై ఏళ్ల క్రితం లేదు, ఇప్పుడూ లేదు.

ఇక ఆ రాకుమారుడి సంగతి. హోటల్లో ఆ రాత్రి మొదటి రెండు సంపుటాలు చదివాను. నాకు వాడు నచ్చలేదు. అమ్మాయిని కుక్క అనేవాడు, ఆమె ఏడిస్తే నవ్వేవాడు, ఎప్పుడో ఒకసారి జ్వరంలోనో వానలోనో కాస్త మెత్తబడితే అదే ప్రేమ అనుకోవాలట. చిన్న వయసు పిల్లలకు ఇది నేర్పకూడని పాఠమే. అయితే తెలుగువాళ్లు ఈ విషయంలో జపాన్‌కు పాఠాలు చెప్పే స్థితిలో లేరు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం కూడా పొగరుబోతే. ఆ పొగరు కోసమే మన అమ్మలు, అమ్మమ్మలు లెక్కల పుస్తకంలో నవల దాచి చదివారు. సాతా అతడికి మనవడి వరస. కథానాయిక వెంటపడి, ఏడిపించి, భయపెట్టి ప్రేమ పుట్టించే హీరోలను మన సినిమా దశాబ్దాలుగా చూపిస్తోంది. ఎరికాలో నాకు నచ్చింది ఒకటే. ఆమె తనను తాను మోసం చేసుకోదు. వాడి దుర్మార్గం ఆమెకు కనబడుతూనే ఉంటుంది, దాని గురించి లోలోపల చివాట్లు పెడుతూనే ఉంటుంది. జయంతి అయితే కన్నీళ్లు దాచుకునేది.

'మిస్సమ్మ' గురించి కూడా ఒక మాట మిగిలింది. సావిత్రి వేసిన మేరీ క్రైస్తవురాలు, రామారావు హిందువు. నటనలో మతాన్ని కూడా దాటారు. కానీ చివరికి మేరీ ఎవరో కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. అందరి మనసూ కుదుటపడుతుంది. ఆ ముడి విప్పకపోతే 1955 ప్రేక్షకుడు పెళ్లికి ఒప్పుకునేవాడా? నాకు నమ్మకం లేదు. ఇప్పటి ప్రభుత్వాలు ఒప్పుకుంటాయనీ నమ్మకం లేదు. గుజరాత్ 2021లో తన మత స్వేచ్ఛ చట్టాన్ని సవరించి పెళ్లి ద్వారా జరిగే మతమార్పిడిని అందులోకి తెచ్చింది. అందులోని కొన్ని సెక్షన్ల అమలును ఆ ఏడాది ఆగస్టులోనే హైకోర్టు నిలిపివేసింది. 2023 జులైలో మెహసానాలో జరిగిన పాటీదార్ల సభలో ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ మరో అడుగు ముందుకేశారు. ప్రేమ పెళ్లిళ్లకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేయడం రాజ్యాంగబద్ధంగా సాధ్యమేనా అని పరిశీలిస్తామన్నారు. మేజర్లు ఎవరిని పెళ్లాడాలన్నది వాళ్లిష్టమని 2018లో హాదియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రులకు నచ్చని పెళ్లిని ఆపడానికి ప్రభుత్వం ఇంత ఆలోచిస్తోంది. పిల్లకు నచ్చని పెళ్లి విషయంలో మాత్రం పద్దెనిమిది నిండితే చాలు, ఇక అడిగేవాడు లేడు.

పద్దెనిమిదికి లోపు వాళ్ల పరిస్థితి ఇంకో రకం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదికి ఒక్క నెల తక్కువైనా ఇష్టంతో జరిగిన దేహసంబంధం నేరమే. 16 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల విషయంలో వయసు తగ్గించవద్దని, కోర్టులకు కొంత విచక్షణ ఇవ్వాలని 2023లో లా కమిషన్ సిఫార్సు చేసింది. అదే ఏడాది జపాన్ తన వయోపరిమితిని 13 నుంచి 16కు పెంచింది. అక్కడా ఇక్కడా చట్టం పిల్లలను కాపాడాలనే చూస్తోంది. కానీ డుమస్ గట్టు మీద ముఖానికి దుపట్టా చుట్టుకున్న అమ్మాయికి చట్టం పేరు తెలియకపోయినా, ఎవరైనా చూస్తే ఏం జరుగుతుందో తెలుసు. జపాన్ కథలో లేని ప్రేమను ఉన్నట్టు నటిస్తారు. ఇక్కడ ఉన్నదాన్ని లేనట్టు నటించాలి. ఇద్దరూ కలిసి వచ్చి, ఖాకీ చొక్కా కనబడగానే ఎవరో తెలియనట్టు పది అడుగుల దూరం జరగాలి. నేను చూస్తుండగానే ఒక జంట అలాగే జరిగింది. వచ్చినవాడు పోలీసు కాదు, పార్కింగ్ డబ్బులు వసూలు చేసేవాడు.

సూర్యుడు దిగాక నగరానికి తిరుగు ప్రయాణం కట్టాం. విమానాశ్రయం పక్కనే కావడంతో తల మీదుగా ఒక విమానం చక్రాలు దించుకుంటూ పోయింది. సిటీ బస్సులో అమ్మాయికి నా పక్కన సీటు దొరికింది. ముందు సీటులో తల్లి కునుకు తీస్తోంది.

"మరి బావ సంగతి ఏం చేస్తావు?" అని గొంతు తగ్గించి అడిగాను.

"బ్రేకప్ అయిందని చెప్త అక్కా."

మంచి ఆలోచనే అన్నాను. అంత సులువు కాదంది. ట్యూషన్ జట్టులో ఒకమ్మాయికి నిజంగానే బ్రేకప్ అయితే మిగతా ముగ్గురూ ఆమెను ఐస్‌క్రీమ్ తినడానికి తీసుకెళ్లారట. రెండు రోజులు ఆమెతోనే ఉన్నారట. తనకూ అలాగే చేస్తారు. వాడేమన్నాడు, ఎందుకన్నాడు, మెసేజ్ చూపించు అంటారు. వాళ్ల ముందు ఏడవాలి. ఏడిస్తే నమ్ముతారు, నమ్మితే ఓదారుస్తారు, ఓదారిస్తే ఇంకా దగ్గరవుతారు. ఆ తర్వాత ఎప్పుడైనా ఆ బావతోనే పెళ్లి కుదిరిందని వాళ్లకు శుభలేఖ ఇవ్వాల్సి వస్తే?

ఆ మాట తనే అని, తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"మీ అమ్మకు బీకాం సంగతి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పొచ్చు కదా?"

"చెప్త. మొదలు గీ బ్రేకప్ కానీ."

"ఏడవడం వచ్చా నీకు?"

"ప్రాక్టీస్ చేస్తున్న అక్కా" అంటూ మళ్లీ ఫోన్ తెరిచింది. తొమ్మిదో సంపుటం నడుస్తోందట. ఇంకా ఏడు ఉన్నాయి.